మా వదిన పాతదంటే పాతదే

మా వదిన ఎవరింటికైనా సోఫా కోసం వెళితే ముందు సోఫా సంగతి ఎత్తేది కాదు. గుమ్మం దగ్గరే ఆగి, చేతిసంచిలోంచి టేపు తీసి తలుపు వెడల్పు కొలిచేది. ఆ తర్వాత మెట్ల మలుపు. ఆ తర్వాత ఇంట్లో వాళ్ళ మోకాళ్ళు. ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలి మడత దాకా ఎంతుందో చూసి, ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకునేది. "గదికి కొంటున్నామమ్మా, మోకాళ్ళకి కాదు" అని ఒక పెద్దాయన విసుక్కుంటే, "గది కూర్చోదు కదండీ" అంది.

ఆమె పోయి పద్నాలుగు నెలలైంది. ఇక్కడ రాస్తున్నవన్నీ జ్ఞాపకంలోంచి తీసినవే. కొలతలు ఆమెవి, తప్పులుంటే నావి.

బజారు చివర, మూతపడిన సినిమా హాలు వెనక గోడౌన్ ఒకటి అద్దెకి తీసుకుని ఇరవై రెండేళ్ళు దుకాణం నడిపింది. పాత సోఫాలు కొనడం, బాగుచెయ్యడం, తగిన ఇల్లు చూసి పంపడం. మరే సామానూ ముట్టుకునేది కాదు. బీరువాలు, మంచాలు కూడా పెట్టకూడదా అని మా అన్నయ్య చాలాసార్లు అడిగాడు. "కుర్చీలో ఒక్కరే పడతారు. మంచం ఎక్కితే నిద్రపోతారు. సోఫా మీద కూర్చున్న మనిషి పక్కన ఎప్పుడూ ఇంకొకరికి చోటుంటుంది. నాకు అదిష్టం" అనేది. అన్నయ్యకి ఆ పక్క చోటులో కాళ్ళు చాపుకుని పడుకోవడం ఇష్టం. అందుకే మా ఇంట్లో ముందుగదిలో ఉన్నది చేతిపట్టెలు ఎత్తుగా, పొడవు తక్కువగా ఉండేది. పడుకుంటే మెడ పట్టేస్తుంది. చూసి మరీ తెచ్చింది.

నేను కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సెలవు రోజుల్లో సోఫాలకి రెండో చివర పట్టుకునేవాణ్ణి. పాఠాలు చెప్పేవాణ్ణని నన్ను పంతులూ అని పిలిచేది. "పంతులూ, పుస్తకం పట్టుకున్నట్టు పట్టుకోకు, జారుతుంది" అని మెట్ల మీద అరిచేది.

కొనడానికి వెళ్ళినప్పుడు ఆమెది ఒకటే వరస. ముందు దూరంగా నిలబడి చూసేది. తర్వాత కళ్ళు మూసుకుని చేతిపట్టెల మీద అరచెయ్యి జార్చేది. ముందుకాలు ఒకటి పట్టుకుని బెత్తెడు ఎత్తేది. రెండో ముందుకాలు కూడా వెంటనే లేస్తే చట్రం గట్టిది. కాసేపు బద్ధకించి లేస్తే కుసులు, అంటే కొయ్యలో కొయ్య దూర్చిన అతుకులు, వదులైనట్టు. ఆపైన వంగి వాసన చూసేది. చెమ్మ వాసనైతే ఎండకి పోతుంది, ఎలుకల వాసనైతే లోపలి దూది, పీచు మొత్తం తీసి పారెయ్యాలి. చివరికి సోఫాని బోర్లించి, అడుగున మేకులతో కొట్టిన గుడ్డ ఒక వారగా విప్పి, టార్చి వేసి లోపలికి చూసేది. అది చూడకుండా బేరం మొదలుపెట్టేది కాదు.

"అందరూ మొహం చూసి మాట్లాడతారు, నువ్వేంటి వదినా కడుపు చూసి మాట్లాడతావు?" అన్నాను ఒకసారి.

"మొహానికి పాలిష్ వేస్తారు పంతులూ. కడుపుకి ఎవరూ వెయ్యరు."

ఇల్లు చేరాక సోఫా ఎలా బతకాలో కూడా ఆమే చెప్పేది. చెమ్మపట్టే గోడకి ఆనించొద్దు, జానెడు ఎడం ఉంచండి. కిటికీ ఎండ నేరుగా తగలనివ్వొద్దు. అందరూ ఒకే మూల కూర్చుంటే ఆ మూల స్ప్రింగులు ముందు అలిసిపోతాయి, అప్పుడప్పుడూ చోట్లు మార్చుకోండి. ప్లాస్టిక్ కవరు కనబడితే మాత్రం ఊరుకునేది కాదు. ఒకావిడ, దుమ్ము పడుతుందని తొడిగానండీ అంటే, మీవారికి కూడా తొడిగారా అని అడిగింది. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే తెరిచే గదిలో పెడతామన్న వాళ్ళకి ఇవ్వనే ఇవ్వలేదు. వాడని సోఫా ఎలుకల సొంతమని ఆమె లెక్క.

ఒక భార్యాభర్తలు ఎడమొహం పెడమొహంగా ఉంటున్నారని తెలిసి, వాళ్ళింటికి వంకీ తిరిగిన సోఫా ఒకటి పంపింది. ఇద్దరు కూర్చుంటే ఒకరి మొహం అటు, ఒకరి మొహం ఇటు ఉంటుంది, భుజాలు మాత్రం పక్కపక్కనే. ఆర్నెల్లకి అదేమైనా పనిచేసిందా అని అడిగాను. "పోట్లాట ఆగలేదు. కాకపోతే ఇప్పుడు కూర్చుని పోట్లాడుకుంటున్నారు" అంది.

మా అమ్మకి మోకాళ్ళు అరిగిపోయినప్పుడు వంటింట్లోకి సన్నటి సోఫా ఒకటి తెచ్చి, కిటికీ కింద గోడకి జానెడు ఎడంగా వేసింది. వంటింట్లో సోఫా ఏంటే, నవ్విపోతారు అని అమ్మ గోల. "మీరు పొద్దస్తమానం ఉండేది ఇక్కడే కదా అత్తయ్యా. ముందుగదిలో వేస్తే మీ అబ్బాయి కూర్చుంటాడు" అంది వదిన. మొదటి వారం అమ్మ దాని అంచున, ఎవరింట్లోనో కూర్చున్నట్టు కూర్చుంది. రెండో వారం నుంచి కూరగాయలు తరగడం, పేపరు చదవడం, మమ్మల్ని తిట్టడం అన్నీ దాని మీది నుంచే. మూడో వారం నేను కూర్చోబోతే లేవమంది.

ఇదంతా ఒక ఎత్తు, ఆమె మాట ఒక ఎత్తు. పాత సామాను వ్యాపారంలో మోసం ఎక్కువ. నిన్న చేసిన దానికి మసి పూసి తాతల నాటిదని అంటగడతారు. మా వదిన దుకాణంలో కాగితం, ముద్ర ఏమీ ఉండేవి కావు. ఆమె పాతదే అంటే పాతదే. కొత్తదాన్ని కొత్తదని చెప్పే అమ్మేది. వేరే దుకాణాల్లో కొన్నవాళ్ళు కూడా తమ సోఫా ఫొటో పట్టుకొచ్చి ఆమె నోట ఆ ఒక్క ముక్క అనిపించుకుని పోయేవాళ్ళు. ఇరవై రెండేళ్ళలో ఆమె సంపాదించిన ఆస్తి అదే.

పని నేర్పింది వాళ్ళ నాన్న. వడ్రంగి. ఊళ్ళో ఆయన్ని కిర్రు మేస్త్రి అనేవారు, ఆయన చేసినవేవీ కిర్రుమనవు కాబట్టి. చట్రం మూలల్లో బిగించే దిమ్మ వెనక పాత చెప్పు తోలు ముక్క, వేలిగోరంత, పెట్టేవాడు. కొయ్యకి కొయ్య రాసుకుంటేనే కదా చప్పుడు. ఆ చిట్కా ఏ గురువూ చెప్పలేదని, తన పెళ్ళయిన ఏడాది చెప్పు తెగినప్పుడు తనకే తట్టిందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక పని మానేసి, రోజూ దుకాణం తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కూతురు మేకు వంకరగా కొడితే శబ్దాన్ని బట్టి చెప్పేసేవాడు.

నేను చెప్పాలనుకున్నది పళ్ళ డాక్టరు గారి సోఫా సంగతి.

టేకు చట్రం, నలుగురు పట్టే పొడవు, వీపు మీద సన్నటి తీగల చెక్కడం. ఈ సంగతి జరగడానికి పదకొండేళ్ళ ముందు, ఖాళీ చేస్తున్న ఒక పాత ఇంట్లో కొని, ఎనభై ఏళ్ళ నాటిదని చెప్పి డాక్టరు గారికి ఇచ్చింది. రోగులు కూర్చునే గదిలో వేసుకున్నారాయన. పన్ను నొప్పితో వచ్చినవాళ్ళకి ఆయన ముందు ఆ సోఫా కథ చెప్పేవారు, తర్వాత నోరు తెరవమనేవారు.

ఆయన గదిలో దాన్ని చూసి, గెస్ట్‌హౌస్ పెట్టబోతున్న ఒక మేడం మా వదినని వెతుక్కుంటూ వచ్చింది. పెద్ద పాత భవనం ఒకటి కొని బాగుచేయిస్తోంది. పన్నెండు గదులు, పన్నెండు పాత సోఫాలు కావాలి. ఖరీదు సంగతి కాదు, నకిలీ ఒక్కటి కూడా ఉండకూడదు, ఇదివరకు ఒకచోట మోసపోయాను అని చెప్పింది. వదిన దుకాణంలో అంత పని ఎప్పుడూ ఒక్కసారిగా రాలేదు. గురువారం డాక్టరు గారి దగ్గర కలుద్దాం, ఆ సోఫాని మరోసారి తీరిగ్గా చూసి మాట ఖాయం చేసుకుందాం అనుకున్నారు.

ఈలోపు సోమవారం డాక్టరు గారు ఫోన్ చేశారు. సోఫా నడుమ దిగబడుతోంది, గురువారానికి సరిచేసి పెట్టమని. వ్యాన్‌లో తెచ్చి దుకాణంలో బోర్లించాం. వదిన మేకులు పీకి, అడుగు గుడ్డ మొత్తం లాగేసి, టార్చి వేసింది. వేసి, మూలలకి వెలుగు రెండోసారి తిప్పింది.

నేనూ వంగి చూశాను. నాలుగు మూలల్లో, దిమ్మల వెనక, వేలిగోరంత తోలు ముక్కలు నాలుగు.

"నాన్నా, ఇలా రా."

"మోకాళ్ళు సహకరించవు. అక్కణ్ణించే చెప్పు."

"చెప్పేది కాదు, చూసేది."

ఆయన లేచి వచ్చాడు. వంగలేదు. బోర్లా పడి ఉన్న సోఫా కాళ్ళు ఒకసారి చూసి, "పద్నాలుగు చేశాను" అన్నాడు.

పెళ్ళయిన కొత్తల్లో ఒక దళారి పాత సోఫాల ఫొటోలు తెచ్చి ఇచ్చేవాడట. కూలగొట్టిన ఇళ్ళ తలుపులు, దూలాలు కొని ఆ కొయ్యతోనే చెయ్యాలి. టీ డికాషన్ మరిగించి పుయ్యడం, సైకిలు గొలుసుతో కొట్టి గాట్లు పెట్టడం, చెక్కడం సందుల్లో మైనంలో కలిపిన బూడిద మెత్తడం. ఆరేళ్ళు చేశానన్నాడు. తప్పని తెలిసి మానేశావా అని అడిగింది వదిన. కాదు, దళారి చచ్చిపోయాడు అన్నాడు.

"ఇది కొన్న రోజు నువ్విక్కడే ఉన్నావు. ఎంత కాలం నాటిదంటావు నాన్నా అని నిన్ను అడిగాను."

"అడిగావు. నీ కళ్ళ మీద నీకు నమ్మకం లేదా అన్నాను. అబద్ధం ఆడలేదు."

"నిజమూ చెప్పలేదు."

ముసలాయన తల దించుకున్నాడు గానీ, పెదవి చివర నవ్వు మాత్రం దాచలేకపోయాడు. "పదకొండేళ్ళు నువ్వే పట్టుకోలేకపోయావంటే, పని ఎలా ఉందంటావు?"

వదిన చేతిలో సుత్తి ఉంది. నాకు భయం వేసింది. ఆమె దాన్ని నేల మీద పెట్టి, తనూ కూర్చుంది. ఆ రోజు దీని అడుగు గుడ్డ విప్పలేదని చెప్పింది. ఇరవై రెండేళ్ళలో ఆ ఒక్కసారే విప్పలేదు. "చేతిపట్టె మీద చెయ్యి పెట్టగానే తెలిసిన వస్తువులా అనిపించింది. ఇంత సరైన పని పాతవాళ్ళదే అనుకున్నా. తెలిసినట్టు ఎందుకుందో నన్ను నేను అడగలేదు." ఏది మంచి పనో ఆమె చేతికి నేర్పింది ఆయనే. ఆ చెయ్యి ఆయన పనినే మంచిదంది.

మూసెయ్యమన్నాడు మేస్త్రి. ముగ్గురికి తప్ప తెలియదు, ముగ్గురిలో నేను ఎన్నాళ్ళో ఉండను అన్నాడు. నా మనసులోనూ అదే ఉంది, దాచుకోను. మేడం పని అయిపోయాక డాక్టరు గారికి నెమ్మదిగా చెప్పుకోవచ్చు కదా అన్నాను.

"ఆవిడకి పన్నెండు సోఫాలు దేని మీద ఇస్తాను? నా మాట మీద. ఆ మాట లోపల ఇప్పుడు చెప్పు ముక్క ఉంది పంతులూ. అది అలా ఉంచుకుని పన్నెండుసార్లు పాతదే అనమంటావా?"

రెండు రోజులు కూర్చుని కొత్త పట్టీలు అల్లింది, స్ప్రింగులు కట్టింది, పీచు సర్దింది. అడుగు గుడ్డ మాత్రం కొట్టలేదు.

గురువారం పొద్దున్న వాళ్ళ నాన్నని కూడా వ్యాన్ ఎక్కించింది. సోఫా దించేసరికి మేడం వచ్చి ఉంది. బుగ్గ వాచిన ఒకాయన కుర్చీలో కూర్చుని చెంప పట్టుకుని ఉన్నాడు. వాళ్ళు అవతలికి వెళ్ళేదాకా ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు.

"డాక్టరు గారూ, ఇది ఎనభై ఏళ్ళదని మీకు చెప్పాను. కాదు. మహా అయితే యాభై. పాతదానిలా కనబడాలని చేసింది. చేసినాయన ఈయనే, మా నాన్న. అడుగు చూడకుండా మీకిచ్చింది నేను. ఇది వెనక్కి తీసుకుంటాను. నిజంగా ఆ కాలం నాటిదే ఇంకోటి ఇస్తాను."

తర్వాత సోఫాని ఒక పక్కకి ఒరిగించి, టార్చి వేసి, ఆ తోలు ముక్కలు ముగ్గురికీ చూపించింది. డాక్టరు గారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. లేచి మేస్త్రి వైపు తిరిగి, గాట్లు దేనితో పెట్టారని, మైనం ఏదని, రంగు ఎన్ని పూతలని అడగడం మొదలుపెట్టారు. ముసలాయన ముందు నసిగి, తర్వాత ఉత్సాహంగా చెప్పసాగాడు. వదిన ఒక్క చూపు చూసేసరికి ఆపాడు.

"ఊళ్ళో సగం మంది నోళ్ళలో నేను పెట్టిన పళ్ళున్నాయమ్మా" అన్నారు డాక్టరు గారు. "నువ్విలా అన్నీ విప్పి చూపించడం మొదలుపెడితే నేనెక్కడ తేలతాను?"

బుగ్గ వాచినాయన నవ్వబోయి, నొప్పికి చెంప గట్టిగా పట్టుకున్నాడు. సోఫా తనకే కావాలన్నారు డాక్టరు గారు. ఇన్నేళ్ళూ అందరికీ చెప్పిన కథ మాత్రం మార్చుకోవాలి, కొత్త కథ ఇంకా బాగుంది అన్నారు.

మేడం నవ్వలేదు. ఇలాంటివి ఇంకెన్ని అమ్మారని అడిగింది. తెలియదు, విప్పి చూస్తే గాని చెప్పలేను అంది వదిన. మేడం ఆలోచించుకుని కబురు చేస్తానని వెళ్ళిపోయింది. అలా అన్నవాళ్ళు కబురు చెయ్యరని మాకందరికీ తెలుసు.

ఆ మర్నాటి నుంచి వదిన ఇల్లిల్లూ తిరిగింది. అమ్మిన ప్రతి సోఫా దగ్గరికీ వెళ్ళి, బోర్లించి, విప్పి చూసింది. పెద్దవైతే నేను పట్టుకున్నాను. ఒక్కొక్క సోఫా కడుపులోంచి దువ్వెనలు, మందుబిళ్ళలు, పెన్ను మూతలు, ఒకరింట్లో ఏడేళ్ళుగా వెతుకుతున్న కళ్ళజోడు బయటపడ్డాయి. ఏ అనుమానంతో వచ్చామో చెప్పే లోపలికి వెళ్ళేది. వద్దమ్మా, నీ మాట చాలు అన్నవాళ్ళ ఇంట్లో కూడా విప్పే చూసింది. మూడు వారాల్లో మేస్త్రి చేసినవి ఇంకో రెండు దొరికాయి. కొన్నప్పుడు ఒక వారగా విప్పి పట్టీలు, స్ప్రింగులు చూసిందే గాని దిమ్మల వెనక చూడలేదట. ఒకరు ఉంచుకున్నారు. రెండో ఇంటాయన వీధిలోకి వచ్చి, తండ్రి దొంగ, కూతురు దొంగకూతురు అని నలుగురూ వినేలా అన్నాడు. వదిన సోఫా వ్యాన్ ఎక్కించింది. దారిలో నేనే ఉండబట్టలేక ఏదో అనబోయాను. "ఆయన అన్నదాంట్లో సగం నిజం పంతులూ. అందుకని నాకు సగమే బాధగా ఉంది" అంది.

వీధిలో ఆ మాట పడ్డాక మేస్త్రి నాలుగు రోజులు దుకాణానికి రాలేదు. అయిదో రోజు చంకలో అట్టముక్క ఒకటి పెట్టుకుని వచ్చాడు. వణికే చేతితో దాని మీద సోఫా కాళ్ళు పద్నాలుగు గీశాడు. సింహపు పంజా, గుండ్రటి బంతి, తామర మొగ్గ, ఇలా ఏ సోఫాకి ఏ కాలు చెక్కాడో అన్నీ. దొరికిన మూడింటి పక్కనా టిక్కు పెట్టాడు. కూతురు దాన్ని దాచలేదు. అందరికీ కనబడేలా గోడకి మేకు కొట్టి తగిలించింది. దారిన పోయేవాళ్ళు కూడా వచ్చి, ఇంట్లో సోఫా కాళ్ళు గుర్తు తెచ్చుకుంటూ దాని ముందు నిలబడేవాళ్ళు. ఎవరు ఏది కొనాలన్నా ఇక మీదట వాళ్ళ ముందే బోర్లిస్తానని, చూసుకున్నాకే బేరమని వదిన నియమం పెట్టింది. ఇలా అయితే రోజుకి ఒక్కటి కూడా అమ్ముడుపోదని అన్నయ్య గొణిగాడు. ఒక్కటి పోతే చాలు, అది వెనక్కి రాకూడదు అంది.

మేడం నెలన్నరకి వచ్చింది. కబురు చెయ్యలేదు, నేరుగా వచ్చింది, చేతిలో తన సొంత టార్చి. గోడ మీది అట్టముక్క ముందు చాలాసేపు నిలబడింది. ఒక సోఫా చూపించి ఇది విప్పండి అంది. కుర్చీలోంచి మేస్త్రి, అది నాది కాదమ్మా, నేనంత లావు కాళ్ళు చెక్కను అన్నాడు. మిమ్మల్ని అడగలేదండీ అంది ఆవిడ.

వదిన గుడ్డ విప్పింది. ఇస్త్రీ మడత నలగని బట్టలతో మేడం గోడౌన్ నేల మీద వెల్లకిలా పడుకుని, సోఫా కిందికి జరిగి లైటు వేసింది. వదిన కూడా పక్కనే పడుకుంది. నాకు రెండు జతల పాదాలు మాత్రమే కనబడుతున్నాయి.

"ఇక్కడ మూడు మేకులు కొత్తవి" అంది మేడం గొంతు.

"నేను కొట్టినవి. మిగతావి కూడా చూడండి, తొందరేం లేదు."

లైటు వెలుగు నేల మీద అటూ ఇటూ కదిలింది. పట్టెలు వేలితో తట్టి చూస్తున్న చప్పుడు వినబడింది. కుసి దిగిన చోటు కొయ్య నల్లబడి ఉంది ఎందుకని అడిగితే, అది ఎన్నేళ్ళకి ఎలా నల్లబడుతుందో, పూసిన రంగు గోరుతో గీకితే ఎలా ఊడుతుందో వదిన చెప్పింది. గీకిన చప్పుడు. ఊడలేదు.

"అయితే పాతదేనా?"

"మీరు చెప్పండి" అంది వదిన.

మేడం ఇంకోసారి మూలమూలా లైటు తిప్పింది.

"పాతదే" అంది.

వదిన బయటికి జరిగి, లేచి, వీపు దులుపుకోకుండానే పక్క సోఫా దగ్గరికి వెళ్ళి మేకులు పీకడం మొదలుపెట్టింది. ఇంకా పదకొండున్నాయి.